గైర్హాజరు రాయనివ్వని అక్క

మంగళవారం పొద్దున ఫోన్ వచ్చింది. "సారూ, అక్క పోయింది" అంది అవతలి గొంతు. "ఎక్కడికి?" అన్నాను. అడగకూడని ప్రశ్న అని నోట్లోంచి వచ్చాక గాని తెలియలేదు. అవతలి మనిషి కూడా తప్పు పట్టలేదు. అక్క నడిపిన సంఘంలో 'పోయింది' అన్న మాట వింటే ఎవరైనా ముందు అదే అడుగుతారు. అందరికీ ఆ అలవాటు చేసింది అక్కే. తర్వాత ఆ గొంతే, "మూడొద్దులు జొరం సారూ. తెల్లారంగ పానం ఇడిసింది" అని చెప్పింది.

మర్నాడు జిల్లా పేజీలో నాలుగు లైన్లు వేశారు. సామాజిక సేవకురాలు కన్నుమూసిందట. నాకు ఒళ్లు మండింది. అక్క ఎవరికీ సేవ చేయలేదు. సేవ అన్నాక చేసేవాళ్లు పైన, చేయించుకునేవాళ్లు కింద ఉండాలి. ఆవిడ నాట్లు వేసే కూలీ మనిషి. తనలాంటి ఆడవాళ్లను పోగేసి ఊళ్లో మహిళా సంఘం పెట్టింది. ఒకరి గురించి ఒకరు ఆరా తీసే హక్కు తమకుందని వాళ్లకు నేర్పింది. దానికి పేపర్లో మాట లేదు. అందుకే ఇది రాస్తున్నాను.

ఆ సంఘానికి నేను చేసింది రాతపని మాత్రమే. ఏడాదికోసారి, కోతలయ్యాక, బడి వరండాలో వాళ్ల మహాసభ జరిగేది. పట్నంలో నేనుండే వెంగళరావు నగర్ నుంచి మూడు గంటలు బస్సులో వెళ్లి హాజరు పుస్తకం పట్టుకునేవాణ్ని. మొదటి ఏడాదే దెబ్బ తిన్నాను. ఒక పేరు చదివితే ఎవరూ పలకలేదు. గడిలో అడ్డగీత పెట్టి తర్వాతి పేరుకు పోబోయాను.

"ఏం గీకినవ్?" అంది అక్క. ఆవిడకు చదువు రాదు గాని, కలం ఎంత కదిలిందో కనిపెట్టేది.

"రాలేదు కదక్కా. గైర్హాజరు."

"రాలే, గంతే. లేదని ఎవలు జెప్పిన్రు నీకు? రాకపోవుడు ఏరు, లేకపోవుడు ఏరు. యాడున్నదో అడుగు. గది రాయి."

అడిగాను. వరండా అంతా ఒక్కసారే మొదలుపెట్టింది. "బిడ్డ కాన్పుకు పోయింది సారూ." "కాదే, మొగనితోని కొట్లాడి అలిగి పండుకున్నది." "రాస్తున్నవా సారూ? దాని మొగని పేరు గూడ రాయి, ఊరంత సదువుకుంటది!" నేను తలొంచుకుని రాశాను. చిన్న గడిలో పట్టక పక్క గడిలోకి పాకింది.

ఆ సభకు నియమం అదొక్కటే. రాని మనిషి ఎక్కడుందో ఎవరో ఒకరు చెప్పేదాకా తర్వాతి పేరు చదవకూడదు. ఆడవాళ్ల సాధికారత గురించి పెద్ద హోటళ్లలో జరిగే సదస్సులు నేను చాలానే చూశాను, వాటిలో మాట్లాడాను కూడా. వెనక కుర్చీలు ఖాళీగా ఉంటే ఫొటోలో పడకుండా అందరినీ ముందుకు జరగమంటారు. రానివాళ్లు ఎందుకు రాలేదని అడిగిన సభ నాకు తెలిసి ఇదొక్కటే.

సభకు వచ్చేటప్పుడు అక్క ఒక సంచిలో చిక్కుడులాంటి అనపకాయలు తెచ్చుకునేది. ఎవరు మాట్లాడుతున్నా ఒడిలో పెట్టుకుని ఒలుస్తూ వినేది. చేతులు ఆగాయంటే, చెప్పేదాంట్లో ఏదో ఉందని అర్థం. నా ఉపన్యాసాలకు ఆ చేతులు ఎన్నడూ ఆగలేదు.

తర్వాత ఐటీ రోజులొచ్చాయి. మాదాపూర్‌లో అద్దాల మేడలు లేచాయి. వాటితో డబ్బు చేసుకున్నవాళ్లకు జూబ్లీహిల్స్‌లో బంగళాలు లేచాయి. ఆ బంగళాల్లో అంట్లు తోమడానికి, పిల్లల్ని ఎత్తుకోవడానికి ఊళ్లలోంచి ఆడవాళ్లు వెళ్లారు. దీనికి అభివృద్ధి అని పేరు పెట్టి పండగ చేశారు. హాజరు పుస్తకంలో మాత్రం 'కలుపుకు పోయింది' తగ్గి, 'పట్నం పోయింది' పెరిగింది. అక్క అంతటితో ఊరుకునేది కాదు. "పట్నమంటే యాడ? గల్లీ చెప్పు" అని పట్టుబట్టేది.

అలాంటి ఒక ఏడాది సభలో "బాలమణి" అని చదివాను. వరండా పలకలేదు. ఆమె చెల్లెలు లేచి నిలబడింది.

"పట్నంలనే అక్కా. ఫిల్మ్ నగర్ దాటినంక ఎత్తు మీద, గేటుకాడ రాతి ఏనుగున్న బంగళాల పనికి పెట్టిన్రు. ఏడాదాయె. ఒక్కపారి రాలే, ఫోన్ లేదు. నేను పోతె గేటుకాడనే మలిపిన్రు. బాలమణి అనెటామె ఈడ లేదన్నరు."

రాతి ఏనుగు అనగానే నాకు హుషారొచ్చింది. ఆ ఇల్లు నాకు బాగా తెలుసు. ఇంటాయన కంప్యూటర్ కోర్సులు నేర్పించే వ్యాపారంలో పైకొచ్చాడు. ఇంటావిడ మా హక్కుల బృందానికి మిత్రురాలు. నెలకోసారి మా సమావేశం వాళ్ల హాల్లోనే జరిగేది. "మనవాళ్లేనక్కా, ఒక్క ఫోన్ చాలు" అని ఎస్టీడీ బూత్‌కు పరిగెత్తాను.

"బాలమణా?" అని ఇంటావిడ నవ్వింది. "మా ఇంట్లో బాలమణి అంటే మా అత్తగారేనండీ! పనమ్మాయి పేరు రాణి. మీరు చూశారుగా."

చూశాను కదా అనే అనుకున్నాను. తిరిగి వచ్చి, "ఆ ఇల్లు కాదక్కా. వాళ్లు అలాంటివాళ్లు కూడా కాదు" అని నలుగురి ముందూ పూచీ ఇచ్చాను.

అక్క కాయ ఒలుస్తూనే అడిగింది. "ఆ ఇంట్ల నీకు చాయ్ ఎవలిస్తరు?"

"పనమ్మాయి. రాణి అని."

"మొఖం ఎట్లుంటది?"

నాకు గుర్తు రాలేదు.

"ఎత్తుంటదా, పొట్టిగుంటదా?"

తెలియదన్నాను. నీలం పూల కప్పులో తెస్తుందని మాత్రం చెప్పాను. అది ఎందుకు చెప్పానో నాకే తెలియదు.

"కప్పు యాదికున్నది. తెచ్చిన చెయ్యి యాదికి లేదు" అంది అక్క. కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే ఎదురు వాదించేవాణ్ని, నాకు చేతనైన పని అదే. గడిలో ఏం రాయమంటావని అడిగాను. "తెల్వదని రాయి" అంది. ఆ పుస్తకంలో ఆ మాట రాయడం అదే మొదలు. తర్వాత అందరివైపూ తిరిగి, "సభ అయిపోలే. గీడ ఆపుతున్నం. ఐతారం నాడు ఆ ఏనుగు కాడ మిగిలింది జరుపుదాం" అని లేచింది.

ఆదివారం మధ్యాహ్నానికి ఊరి నుంచి పదిహేను మంది వచ్చారు. ఫిల్మ్ నగర్ ఇళ్లలో పనిచేసే సభ్యులు ఇంకో పది మంది కలిశారు. గేటు ఎదుట రోడ్డు వార నేల మీద గుండ్రంగా కూర్చున్నారు. అక్క సంచి విప్పి అనపకాయలు ఒడిలో పోసుకుంది. బోరబండ నుంచి వచ్చి అక్కడ కాపలా కాసే వాచ్‌మన్ పరిగెత్తుకొచ్చాడు.

"ఏందమ్మా, షూటింగా? కెమెరా యాడుంది?"

"షూటింగ్ గాదు బిడ్డా, సభ."

ఒక కారు ఆగింది. లోపలాయన అద్దం దించి, "ఏ కంపెనీ అమ్మా, ఏ సినిమా?" అనడిగాడు. "మా కంపెనీయే సారూ, హీరోయిన్లం మేమే!" అని వెనక నుంచి ఎవరో అంటే అందరూ నవ్వారు. ఆ వీధిలో నేల మీద కూర్చున్న పల్లె ఆడవాళ్లు కనబడితే సినిమా కోసమే అయి ఉండాలి. ఇంకో కారణం ఎవరికీ తట్టలేదు.

పేర్లు మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాను. ఒక్కొక్కరే పలికారు. "బాలమణి" అన్నాను. ఇంట్లో చప్పుడు లేదు. నేను చెప్పిందే నిజం, ఈ ఇల్లు కాదు అని ఒక్క క్షణం ఊపిరి పీల్చుకున్నాను. అందుకు ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను.

ఇంటావిడ బాల్కనీలోకి వచ్చి నన్ను చూసింది. "మీరా! మీరేంటండీ, వీళ్లతో? చెప్పాను కదా, మా పనమ్మాయి రాణి. అత్తగారి పేరుతో పనిమనిషిని కేకేస్తే బాగుండదని మేమే మార్చాం. ఇంట్లో మనిషిలా చూసుకుంటున్నాం. బయట రోజులు బాగాలేవని పంపడం లేదు, అంతే."

ఇంట్లో మనిషిలా! ఈ 'లా' అనే చిన్న ముక్క ఉంది చూశారూ, మన మంచితనమంతా దాని మీదే నిలబడింది. ఇంట్లో మనిషి గేటు దాటి వెళ్తుంది, తిరిగొస్తుంది. ఇంట్లో మనిషి పేరు ఎవరూ మార్చరు. ఇంట్లో మనిషిలా ఉన్న మనిషికే ఇవేవీ ఉండవు. ఇది ఆ రోజు నాకు తట్టలేదు. పుస్తకం పట్టుకుని బిక్కమొహంతో నిలబడ్డాను.

"గట్టిగ సదువు తమ్మీ" అంది అక్క. అంతవరకూ నన్ను సారూ అనే పిలిచేది. నేను పుస్తకంలోంచి తలెత్తలేదు. అక్కే తల పైకెత్తి "బాలమణీ" అని పిలిచింది. పాతిక మందీ అందుకున్నారు.

మేడ మీద ఆరేసిన దుప్పట్ల వెనక నుంచి వచ్చింది జవాబు. "ఉన్నా! అక్కా, గీడున్నా!"

అక్క చేతులు ఆగాయి.

"ఇప్పుడు తీసుకుపోతారా? సాయంత్రం మాకు గెస్టులున్నారు" అంటోంది ఇంటావిడ.

"తీస్కపోనీకి రాలేదమ్మా. ఆమెను అడగనీకి వచ్చినం. గేటు తియ్యుమను."

వాచ్‌మన్ బాల్కనీ వైపు చూశాడు, మావైపు చూశాడు, పైనుంచి మాట రాకముందే తాళం తీశాడు. ఆ తర్వాత అతని ఉద్యోగం ఏమైందో నేను కనుక్కోలేదు. అక్క కనుక్కుంది. మణికొండలో ఇంకో చోట కుదిరాడని నెల తర్వాత నాకు ఆవిడే చెప్పింది.

బాలమణి తడి చేతులతోనే వచ్చి వరసలో కూర్చుంది. "ఉంటవా, వస్తవా? రెండు గూడ నీ ఇష్టమే" అంది అక్క.

"పని జేస్త అక్కా. ఈ ఇంట్ల గాదు. పొద్దుగూకితె నా అర్రకు నేను పోవాలె."

"మంచిది. కూసో. ఇంక ఆరుగురి పేర్లున్నయ్" అని అక్క నావైపు చూసింది. మిగిలినవి చదివాను. బాలమణి గడిలో రాసిన 'తెల్వద'న్న మాట కొట్టేయబోతే అక్క ఆపింది. "ఉండనియ్. మనకు తెల్వని ఏడాది గూడ ఒకటున్నదని యాదికుండాలె." అప్పటి నుంచి మహాసభ ఏటా రెండు చోట్ల జరిగింది, ఊళ్లో ఒక రోజు, ఫిల్మ్ నగర్ బస్తీలో ఒక ఆదివారం.

ఆ వారమే నేను నిప్పులు కక్కుతూ పెద్ద వ్యాసం రాసి అక్కకు చదివి వినిపించాను. భూస్వామ్యం, కొత్త డబ్బు, మధ్యతరగతి కపటం, అన్నీ ఉన్నాయి. అంతా విని, "నువ్వు ఆడ చాయ్ తాగిన సంగతి యాడ రాసినవ్ తమ్మీ?" అంది. అది రాయలేదు. వ్యాసం మాత్రం అలాగే అచ్చయింది, నాకు మంచి పేరు కూడా వచ్చింది. ఇన్నేళ్లకు రాశానక్కా. వినడానికి నువ్వు లేవు.

దహనం అయ్యాక పట్నానికి తిరిగొచ్చే బస్సులో బాలమణి నా పక్కన కూర్చుంది. జుట్టు నెరిసింది. బోరబండలో కూరలు వండి అమ్ముతుంది. ఇన్నాళ్లుగా అడగనిది అప్పుడు అడిగాను. "ఆ రోజు నేను మొదటిసారి పిలిచినప్పుడు ఎందుకు పలకలేదు? భయపడ్డావా?"

"బయం గాదు సారూ. అమ్మగారి అత్తను, పెద్దమ్మను పిలుస్తున్రనుకున్న. ఆ ఇంట్ల ఆ పేరు ఆమెదాయె. నాది గూడ అదేనని యాదిలేకుండె." కొంగుతో ముఖం తుడుచుకుంది. "మల్ల పిలిస్తే అక్క గొంతు ఇనవడ్డది. అక్క పెద్దమ్మనెందుకు పిలుస్తది? నన్నే గద."

బోరబండలో దిగి, గుట్ట వాలు మీద ఆమె ఉండే గది దాకా నడిచాం. అప్పుడే చీకటి పడుతోంది. ఆమె బొడ్లోంచి తాళంచెవి తీసి, తలుపు తెరిచి, లోపలికి వెళ్లి లైటు వేసింది. నేను కిందికి దిగుతూ వెనక్కి చూశాను. తలుపు దగ్గరికి వేయలేదు. వెలుతురు మెట్ల మీద పడి ఉంది.