సున్నా లేని సంతోష్

దయ్యాల కథలు చెప్పేవాళ్ళంటే నాకు ఒళ్ళుమంట. ఈ మంట సునామీ తర్వాత పోర్ట్‌బ్లెయిర్ సహాయ శిబిరంలో మొదలైంది. ఫలానా ఒడ్డున ఏడుపులు వినిపించాయని, ఎవరో చెయ్యి ఊపారని పెద్దవాళ్ళు గుసగుసలాడుకుంటుంటే, పద్నాలుగేళ్ళ పిల్లనైనా, లేచి వాళ్ళమీద అరిచేశాను. చచ్చినవాళ్ళు పిలవగలిగితే ముందు మా తమ్ముడే పిలిచేవాడు. కాసేపు నోరు మూసుకుని కూర్చునే రకం కాదు వాడు.

ఇప్పుడైతే అదో వ్యాపారమైపోయింది. టూరిస్టులు విమానం దిగగానే డ్రైవర్ని 'భూత్ వాలా జగా' ఎక్కడని అడుగుతారు. కూలిన గోడల ముందు నిలబడి రీల్స్ తీసుకుంటారు. అవి ఎవరి వంటింటి గోడలో వాళ్ళకేం పట్టింది? ఇది చదివి నన్నూ ఆ గుంపులో కలిపేయకండి. నాకు దయ్యాల మీద నమ్మకం లేదు. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను, అంతే.

మా వాళ్ళది శ్రీకాకుళం వైపు. నాన్న కార్‌నికోబార్‌లో టీచరు. నేనూ తమ్ముడూ ఈ దీవుల్లోనే పుట్టాం. వాడి పేరు సంతోష్, నాకంటే ఐదేళ్ళు చిన్న. బడిలో హిందీ, ఇంట్లో తెలుగు. నన్ను దీదీ అనాలో అక్కా అనాలో తేల్చుకోలేక రెండూ కలిపి 'దీదక్కా' అనేవాడు. తెలుగులో వాడికి తన పేరొక్కటే రాయడం వచ్చు. అదీ తప్పే. హిందీలో రాసినట్టు సున్నా పెట్టకుండా 'సన్తోష్' అని రాసేవాడు. నాన్న ఎన్ని మొట్టికాయలు వేసినా సున్నా మాత్రం పెట్టలేదు.

పక్కింటి నికోబారీ కుటుంబం కొత్త సంవత్సరం విందుకని ఒక పందిపిల్లను కొబ్బరిచెట్టుకి కట్టేసి ఉంచారు. తమ్ముడు రోజూ దానికి కొబ్బరిముక్కలు పెట్టేవాడు. దాన్ని కోస్తారని తెలిశాక అన్నం మానేసి అలిగాడు. క్రిస్మస్ మర్నాడు పొద్దున్నే భూమి ఊగింది. సముద్రం వెనక్కి పోయింది. అందరూ పరిగెత్తండి, పరిగెత్తండి అని కేకలు. నాన్న నన్నూ అమ్మనీ చెరో చేత్తో పట్టుకుని లాగాడు. మా ముందే ఉన్న తమ్ముడు ఒక్కసారిగా పక్కింటి వైపు తిరిగాడు.

"దీదక్కా, ఇప్పీసి వచ్చీస్తాను" అన్నాడు.

తాడు విప్పేసి వస్తానని. అదే వాడి ఆఖరి మాట. వాడూ దొరకలేదు, ఆ పందీ దొరకలేదు.

శిబిరానికి పరామర్శకి వచ్చిన ఒక బంధువు ఈ సంగతి విని, "పంది కోసం పోయాడా?" అంటూ నవ్వినంత పని చేశాడు. ఇప్పటికీ ఆ మనిషి మొహం చూడను నేను. ఆ రోజు నుంచి అమ్మ పంది మాట బయటివాళ్ళ దగ్గర ఎత్తలేదు, మమ్మల్నీ ఎత్తనివ్వలేదు. ఇంట్లో మాత్రం, కూరలు తరుగుతూనో బట్టలు మడతపెడుతూనో ఉన్నట్టుండి, "ఆ ముడి ఊడిందో నేదో" అనేది. ముడి త్వరగా ఊడి ఉంటే వాడికి పరిగెత్తడానికి సమయం చిక్కేదని ఆవిడ ఆలోచన. అలా అయితే ఎక్కడో బతికి ఉంటాడని ఆశ. నాన్న ఆ ఆశతోనే పోయాడు. అమ్మ దాన్ని పట్టుకునే ఉంది.

సముద్రం అడుగున కేబుల్ వేసి ఇక్కడ నెట్ కాస్త బాగుపడ్డాక అమ్మకి ఒక ఫోన్ కొనిచ్చాను, పాటలు వింటుంది కదా అని. అమ్మ మైకు బొమ్మ నొక్కి "సంతోష్" అని చెప్పడం నేర్చుకుంది. ఈ దేశంలో సంతోష్‌లకి కరువా? వయసు సరిపోతుందనిపించిన ప్రతి సంతోష్‌నీ ఫాలో అయింది. కండలు చూపించే సంతోష్, పెళ్ళిళ్ళలో డీజే పెట్టే సంతోష్, ట్రాక్టర్ ఎక్కి కళ్ళద్దాలు పెట్టుకున్న సంతోష్. ఒక్కొక్కరికీ ఒకటే వాయిస్ మెసేజ్: "బేటా, తుమ్హారీ మమ్మీ కా నామ్ క్యా హై?" బాబూ, మీ అమ్మ పేరేంటి అని.

కొందరు పలకలేదు. కొందరు బూతులు తిట్టారు. ఒకడైతే అమ్మ గొంతుకి వెకిలి నవ్వులు అతికించి రీల్ చేశాడు. అది తిరిగి తిరిగి మా ఆఫీసుకే వచ్చింది. పక్క సీటు ఆమె పగలబడి నవ్వుతూ తెచ్చి నాకే చూపించింది. నాకు తల కొట్టేసినట్టయింది. ఆ రీల్ చేసినవాడు ఎదురుగా ఉంటే ఏం చేసేదాన్నో నాకే తెలియదు.

ఆ ఆదివారం మధ్యాహ్నం పోర్ట్‌బ్లెయిర్‌లో డైరీ ఫార్మ్ అనే పేటలోని మా ఇంట్లో అమ్మ చేతిలోంచి ఫోన్ లాక్కున్నాను. "ఒక్కడు కూడా ఉండడానికి వీల్లేదు" అని అరిచాను. అమ్మ వంటింట్లోకి వెళ్ళి రొట్టెలకి పిండి కలుపుకోసాగింది. నేను ముందుగదిలో కూర్చుని ఒక్కొక్కణ్ణీ తీసేయడం మొదలుపెట్టాను. డీజేని తీసేశాను. ట్రాక్టర్‌ని తీసేశాను. సునామీ వీడియోలకి ఏడుపు సంగీతం కలిపి, మనసుంటే షేర్ చెయ్యండి అనేవాళ్ళని పళ్ళు నూరుకుంటూ తీసేశాను. మా ఏడుపు వాళ్ళకి లైకులు!

సగం పైగా అయ్యేసరికి వాన పట్టుకుంది. నెట్ పోయింది. మాకు అది వింతేం కాదు. తెరమీద చక్రం తిరుగుతూ ఉండిపోయింది. ఎదురింటి బెంగాలీ దీదీ వరండాలోంచి, "నెట్ గయా క్యా?" అని కేకేసింది. తర్వాత కనుక్కుంటే ఆ సాయంత్రం దాకా చుట్టుపక్కల ఎవరికీ లేదు.

ఆగిపోయిన తెరమీద చివర కనిపిస్తున్న పేరు అప్పుడు చూశాను. తెలుగు అక్షరాల్లో ఉంది. 'సన్తోష్'. సున్నా లేదు. ఫొటో లేదు, పోస్టులు లేవు. దాన్ని ఫాలో అవుతున్నది అమ్మ ఒక్కతే.

నాకు ముందు వచ్చింది భయం కాదు, కోపం. ఎవడో అమ్మతో ఆడుకుంటున్నాడు. తీసేద్దామని నొక్కాను. చక్రం తిరుగుతూనే ఉంది. మళ్ళీ నొక్కాను. టింగుమని మెసేజ్ వచ్చింది, అదే ఖాతా నుంచి. వాయిస్ మెసేజ్. ఎవడైనా సరే కడిగి పారేద్దామనే దాన్ని పెట్టాను.

"దీదక్కా, ఇప్పీసేను."

అంతే. ఆయాసపడుతూ, ఆటలో గెలిచినవాడిలా చెప్పాడు. వెనకాల ఏ చప్పుడూ లేదు.

వంటింట్లో పిండి పిసికే చప్పుడు ఆగిపోయింది. అమ్మ పిండి చేతులతోనే గుమ్మంలోకి వచ్చింది.

"ఇప్పీసేడా?" అంది.

తలూపాను.

అమ్మ నా చేతిలో ఫోన్ వంక చూసింది. "గొంతు మారనేదు" అంది. తర్వాత వచ్చి నా పక్కన కూర్చుంది. "అయితే ఈలెవులూ మనోడు కాదు. మిగిలినోలని కూడా తీసీ. ఆల అమ్మలు ఆలకున్నారు."

అప్పుడు ఏడ్చాను నేను. ఇన్నేళ్ళలో అమ్మ ముందు ఎప్పుడూ ఏడవలేదు.

నెట్ వచ్చాక చూస్తే ఆ ఖాతా లేదు. మెసేజ్ ఉన్న చోట ఖాళీ గడి ఉంది, అందుబాటులో లేదని. అమ్మ ఎక్కడైనా నోరు జారిందేమోనని ఆవిడ పంపిన వాయిస్ మెసేజ్‌లన్నీ కూర్చుని విన్నాను. అన్నిట్లో అదే ప్రశ్న, అదే బతిమాలడం. పంది ఊసు లేదు, దీదక్క అన్న పిలుపు లేదు. ఫోన్ల సంగతి తెలిసిన ఒకాయన, ముందే వచ్చిన మెసేజ్ ఆలస్యంగా కనిపించి ఉంటుందన్నాడు. ఉండొచ్చు. ముందే అయినా ఎవరు పంపారు? అమ్మానాన్నలకీ నాకూ తప్ప తెలియని ఆ మాట, ఆ యాసతో, తొమ్మిదేళ్ళ గొంతుతో ఎవరు చెప్పారు? మోసమని తేలినా బాగుండేది. హాయిగా తిట్టుకునేదాన్ని.

అమ్మ ఇప్పుడు ఎవరినీ వెతకడం లేదు. ఫోన్‌లో పాటలు వింటుంది. ముడి సంగతి మళ్ళీ ఎత్తలేదు.

నాకు మాత్రం కోపం పోలేదు. అది వాడే అనడానికి నాకు నోరు రాదు, కాదనడానికీ రాదు. ఒకవేళ వాడే అయితే ఇంకా కోపం. కన్నతల్లి చేత ఊరూరి సంతోష్‌లందరినీ బతిమాలించి, తీరిగ్గా ఇన్నేళ్ళకి వచ్చాడు. వచ్చి పంది సంగతి చెప్పాడు. తన సంగతి ఒక్క ముక్క చెప్పలేదు, వెధవ.