ఐదు కేజీల వేరియబుల్

ఆదివారం పొద్దున దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్ మెట్లెక్కుతూ, మొదటి అంతస్తు మలుపులో ఆగి ఇంటికి ఫోన్ చేసింది అరుణశ్రీ.

“సింధు దగ్గుతుందా?”

“లేదు. బొమ్మలు చూస్తుంది. ఇప్పుడే గదా పోయినవ్,” అన్నాడు భర్త ఉపేందర్. “జర క్లాస్ మీద మనసు పెట్టు. నువ్వొచ్చినంకనే నేను షాపుకు పోవాలె.”

ఉపేందర్ చీరల దుకాణంలో పని చేస్తాడు. ఆదివారం గిరాకీ ఎక్కువ కాబట్టి ఆ రోజు సెలవు అడిగే వీలు లేదు. అందుకే దుకాణం తెరిచేలోగా ముగిసే కోడింగ్ బ్యాచ్ వెతుక్కుని చేరింది అరుణశ్రీ.

ఆమె ఫిజిక్స్‌లో ఎమ్మెస్సీ. తండ్రి పోచంపల్లిలో మగ్గం వదిలేసి నగరానికి వచ్చి చదివించాడు. పెళ్లికి ముందు నుంచీ ఎల్బీనగర్‌లో ఒక ప్రైవేటు స్కూల్లో పాఠాలు చెబుతోంది. జవాబు పత్రాలు దిద్దేటప్పుడు ఒక్క విషయంలో ఆమె ఎర్ర పెన్నుకు జాలి ఉండదు. అంకె వేసి యూనిట్ రాయకపోతే అరమార్కు కోత. పక్కన “ఐదు ఏమిటి? వంకాయలా?” అని రాసి మరీ కోస్తుంది.

వాళ్ల మూడేళ్ల కూతురు సింధుకు కాస్త చలిగాలి తగిలితే చాలు, ఛాతీలో పిల్లికూతలు మొదలవుతాయి. వెంటనే మందును ఆవిరిలా పీల్పించే నెబ్యులైజర్ పెట్టాలి. పగలంతా పాపను చూసుకునే కర్మన్‌ఘాట్ హనుమాయమ్మ గారికి ఆ మిషనంటే భయం. “అన్నం పెడతాను, నిద్ర పుచ్చుతాను. అది మాత్రం నా వల్ల కాదమ్మా,” అని మొదటి రోజే చెప్పేశారు. ఎప్పుడు ఫోన్ వచ్చినా స్కూలు నుంచి ఆటో ఎక్కి కాసేపట్లో పాప దగ్గరుండొచ్చు. ఆ ధైర్యంతోనే అరుణశ్రీ ఉద్యోగం చేయగలుగుతోంది.

ఇప్పుడు దానికే ముప్పు వచ్చింది. వచ్చే ఏడాది నుంచి స్కూల్లో కోడింగ్ పెడుతున్నారు. ప్రిన్సిపాల్ కుసుమకుమారి ఫిజిక్స్ టీచర్లిద్దరినీ, అరుణశ్రీనీ చక్రపాణినీ, గదిలోకి పిలిచింది.

“ఈ బ్రాంచికి ఫిజిక్స్‌లో ఒకళ్లు చాలంటున్నారండి మేనేజ్‌మెంటువాళ్లు. పైథాన్ కూడా చెప్పగలిగినవాళ్లు ఇక్కడుంటారు, రెండోవాళ్లు తుర్కయంజాల్ బ్రాంచికి వెళ్లాలి. సోమవారం వేరియబుల్స్, డేటా టైప్స్ మీద చెరో క్లాసు చెప్పండి. నేనొచ్చి వెనకాల కూర్చుంటాను.”

తుర్కయంజాల్ అంటే నగరం బయట సాగర్ రోడ్డు. సాయంత్రం ఆ రోడ్డు మీద బస్సు కదలకుండా నిలబడిపోవడం, ఇక్కడ పాప ఊపిరి అందక ఎగశ్వాస తీయడం, రెండూ కలిసి అరుణశ్రీ కళ్ల ముందు మెదిలాయి. ఆ రోజు నుంచి నిద్ర కూడా సరిగ్గా పట్టడం లేదు.

కోచింగ్‌లో పాఠం చెప్పే శ్రీకర్ విజయవాడ కుర్రాడు. మొన్నే చదువు ముగించాడు.

“వేరియబుల్ అంటే పేరు రాసి పెట్టుకున్న డబ్బా అనుకోండి మేడం. అందులో పూర్ణాంకం వేస్తే ఇంట్, దశాంశం ఉంటే ఫ్లోట్. అక్షరాలైతే కోట్స్‌లో, అంటే కొటేషన్ గుర్తుల మధ్య పెట్టాలి, అది స్ట్రింగ్. ఇంతేనండి.”

అరుణశ్రీ మాస్ అని పేరు కొట్టి, సమానం గుర్తు పెట్టి, ఎదురుగా 5 కేజీ అని రాసింది. యూనిట్ లేకుండా రాయడానికి చెయ్యి రాలేదు. స్క్రీన్ మీద ఎర్రగా ఎర్రర్ వచ్చింది.

“కోట్స్ పెట్టేయండి మేడం, పోతుంది,” అన్నాడు శ్రీకర్ పక్క వరుసలోకి వెళ్తూ.

పెట్టింది, పోయింది. అలా ఎందుకు పోయిందో అడిగేలోగా ఫోన్ మోగింది. సింధుకు ముక్కు కారుతోందట. అరుణశ్రీ సంచీ భుజాన వేసుకుని మెట్లు దిగింది.

సోమవారం తొమ్మిదో తరగతి. కుసుమకుమారి వెనక బెంచీలో కూర్చుంది. పొద్దున హనుమాయమ్మ గారి ఒళ్లో పెట్టి వచ్చిన పిల్ల ఒళ్లు వెచ్చగా ఉందా లేదా అన్న అనుమానంతోనే అరుణశ్రీ ప్రొజెక్టర్ వేసింది. డబ్బా సంగతి చెప్పింది. పిల్లలకు తెలిసిన ఫిజిక్స్‌తోనే మొదలుపెడదామని, మాస్ డబ్బాలో కోట్స్ మధ్య 5 కేజీ వేసి, త్వరణం పదితో గుణించమంది.

తెర మీద 5 కేజీ5 కేజీ5 కేజీ అని పదిసార్లు వరసగా పడింది.

క్లాసు గొల్లుమంది. ముందు బెంచీలోంచి తేజస్విని లేచింది. “మేడం, యూనిట్ రాయకుంటే మాకు అరమార్కు కట్ చేస్తరు గదా. ఇది పదిసార్లు రాసింది. దీనికి ఐదు మార్కులు ఎక్కువ ఇయ్యాలె.”

కుసుమకుమారి పెన్ను తీసి ఏదో రాసుకుంది. అరుణశ్రీకి సాగర్ రోడ్డు కనిపించింది. తెలిసినట్టు ఏదో ఒకటి చెప్పి దాటేయవచ్చు. కానీ దానికీ ఓపిక కావాలి.

“ఇట్ల ఎందుకొచ్చిందో నాకు కూడా తెల్వదు,” అంది. “దాన్నే అడుగుదాం.”

మాస్ ఏ టైపు అని అడిగితే స్ట్రింగ్ అని జవాబొచ్చింది.

“కోట్స్‌ల పెట్టినం గదా మేడం,” అంది తేజస్విని, ఈసారి నవ్వకుండా. “మాట అనుకుంది. మాటను పదితోని గుణించమంటే పదిసార్లు అన్నది.”

“మరి ఎట్ల?”

“అంకెను ఒక్కదాన్నే పెట్టున్రి. కేజీకి వేరే డబ్బా ఇయ్యున్రి.”

అలాగే చేసింది. యాభై వచ్చింది. పది తీసి 9.8 పెడితే 49.0 వచ్చింది. టైపు అడిగితే ఈసారి ఫ్లోట్ అంది. దశాంశం ఎక్కడి నుంచి వచ్చి చేరిందో పిల్లలే చెప్పారు.

“సరే, నలభై తొమ్మిది ఏంది?” అంది అరుణశ్రీ అలవాటు కొద్దీ.

“వంకాయలు మేడం,” అన్నారెవరో వెనక నుంచి.

బెల్లు కొట్టాక కుసుమకుమారి వరండాలో ఆగింది. “పాఠం తప్పుతో మొదలుపెట్టారు.”

“అవును మేడం.”

“చక్రపాణి గారు ఒక్క తప్పూ చెయ్యలేదండి. పుస్తకంలో ఉన్నదంతా బోర్డు మీద రాసేశారు, పిల్లలు కిటికీలోంచి రోడ్డు చూశారు. మీ క్లాసులో ఎవరూ అటు చూడలేదు. మీరిక్కడే ఉండండి.” రెండడుగులు వేసి వెనక్కి తిరిగింది. “ఫిజిక్స్ పీరియడ్లు మాత్రం తగ్గవండోయ్. ఏడు, ఎనిమిది, తొమ్మిది, ఆ కోడింగంతా మీదే. ఆదివారాలు మానకండి.”

బడి వదిలాక స్టాఫ్ రూములో చక్రపాణి తల వంచుకుని పేపర్లు దిద్దుతున్నాడు. అరుణశ్రీ సంచీ తీసుకుని బయటపడింది.

హనుమాయమ్మ గారు గుమ్మంలోనే ఎదురొచ్చారు. “ఇప్పుడే మొదలైందమ్మా. నీకు ఫోన్ చేద్దామని తీశాను, ఇంతలో ఆటో చప్పుడైంది.”

అరుణశ్రీ చెప్పులు విప్పకుండానే లోపలికి వెళ్లింది. మందు పోసి, మాస్కు పిల్ల ముఖానికి ఆనించి, మిషన్ వేసింది. ఆ రొదలోనే ఫోన్ మోగింది.

“ఏమన్నది మీ మేడం?” అన్నాడు ఉపేందర్.

“ఈడ్నే ఉంటున్న.”

“మంచిదే గదా. సంతోషంగ చెప్పొచ్చు గద.”

“చెప్త. జర కూసోనీ,” అంది అరుణశ్రీ. పిల్లను ఒళ్లోకి లాక్కుని గోడకు వీపు ఆనించింది. పిల్లికూతలు తగ్గేదాకా అలాగే వింటూ కూర్చుంది.