నవ్వులప్ప సాక్ష్యం

ఆ రోజుల్లో నా స్వాతంత్ర్యమంతా రెండు చక్రాల మీద తిరిగేది. గాజువాకలో కొత్త ఉద్యోగం, ఉక్కునగరంలో మా క్వార్టరు, మధ్యలో నా బూడిదరంగు స్కూటీ. ప్లాంటులో షిఫ్టు డ్యూటీ చేసే మా నాన్న దాన్ని కొనుక్కోనిస్తూ ఒకే షరతు పెట్టారు: ఒక్క ఫిర్యాదు వచ్చినా తాళాలు ఆయనకిచ్చేసి మళ్ళీ బస్సెక్కాలి. (చర్చిలో సంఘపెద్ద, మాటంటే మాటే.) మూడో నెలలో నా పేరున ట్రాఫిక్ నోటీసు వచ్చింది. శనివారం ఉదయం బీచ్ రోడ్డులో ఎర్రలైటు పడ్డాక కూడా ఆగకుండా పోయానట. ఫొటోలో బూడిదరంగు స్కూటీ, నడిపే మనిషి వీపు, రెయిన్‌కోటు, హెల్మెట్. వెనకసీట్లో చేపలబుట్ట ఒళ్ళో పెట్టుకుని, కెమెరా వైపు తిరిగి హాయిగా నవ్వుతున్న ఒక పెద్దావిడ.

"నాను కాదు నాన్నా. శనివారం ఇంట్లో పడుకున్నాను," అన్నాను. ఆ ఉదయం డ్యూటీలో ఉన్న నాన్న కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశారు. "నిద్దరకి సాక్ష్యమేటే? ముందు ఆవిడెవరో సెప్పు." ఆ సాయంత్రం కుటుంబ ప్రార్థనలో తప్పు ఒప్పుకోని బిడ్డల గురించి ఆయన మామూలుకంటే చాలాసేపు వేడుకున్నారు. ఆమెన్ అనేసరికి తాళాలు ఆయన చొక్కా జేబులో ఉన్నాయి.

ట్రాఫిక్ ఆఫీసులో హెడ్‌కానిస్టేబులు మంచివాడే, ఫొటో పెద్దది చేసి చూపించాడు. నంబరులో చివరి అంకె మీద బురద. అది ఎనిమిదని నేను, నా బండికున్న మూడేనని ఆయన. "బురద తుడిసి సూడలేం కదమ్మా. నువ్వు కాదని ఎవరిసేతైనా సెప్పించు," అన్నాడు.

ఇక మిగిలింది ఆ నవ్వొక్కటే. మర్నాడు సెలవు పెట్టి, నోటీసు పట్టుకుని జాలరిపేట వెళ్ళాను. చేపలమ్మే ఆడవాళ్ళ చేతుల్లో ఆ కాగితం తిరిగింది. "ఇది మన నవ్వులప్ప కాదేటే," అంది ఒకామె. గొడుగు కింద చేపలు కోస్తున్న నవ్వులప్ప, అంటే వాళ్ళ నవ్వులక్క, తన ఫొటో చూసి మురిసిపోయింది. జరిగింది చెప్పాను. ఆమె కత్తిపీట పక్కకి నెట్టి లేచింది. "బండి మా తమ్ముడిది పాపా. లైటు పడిందిరా, ఆగరా అని వీపు మీద గుద్దుతన్నాను, ఆడు ఇంటేనా? పద, నానొచ్చి సెప్తాను."

ఆఫీసులో కుర్చీ చూపించేలోపే మొదలుపెట్టింది. "ఇదిగో, ఈ ఫొటోలో ఉన్నది నానే. ఈ పిల్ల బండి నానెప్పుడూ ఎక్కలేదు. నోటీసు మా తమ్ముడికి పంపండి, అడ్రసు రాసుకోండి. ఫొటో మటుకు నాకిచ్చీయండి బాబూ, ఇంత మంచి ఫొటో నాకెవడూ తీయలేదు." హెడ్‌కానిస్టేబులు నవ్వాపుకోవాలని చూశాడు, కుదర్లేదు. చివర ఎనిమిది పెట్టి కంప్యూటర్లో వెతికితే తమ్ముడి పేరే వచ్చింది. నా నోటీసు రద్దయింది. నవ్వులప్పకి ఫొటో కాగితం దక్కింది.

ఆ సాయంత్రం నాన్న తాళాలు నా చేతిలో పెట్టారు. "ఆవిడకి థాంక్స్ సెప్పాల కదే," అన్నారు. ఆ ఆదివారం ఆరాధన అయ్యాక మొదటిసారి నా వెనక కూర్చుని జాలరిపేట వచ్చారు, నా భుజం పట్టుకుని దారంతా "నిదానం అమ్మలూ, నిదానం" అంటూ.

ఇప్పుడు ఎవరి తప్పో నా మీద పడినా, ఎందుకొచ్చిన గొడవని తలూపేసి నా పని చూసుకుంటున్నాను. ముక్కూమొహం తెలియని మనిషి నవ్వును నమ్ముకుని బస్సెక్కిన ఆ ఇరవైమూడేళ్ళ పిల్ల గుర్తొస్తే మాత్రం కొంచెం సిగ్గేస్తుంది. ముద్దొస్తుంది కూడా.