బండారోళ్ళ మధుపర్కాలు

శాంతాబాయి చేతిలోని కొక్కెం రాచు కంట్లోంచి అవతలికి దూరి, వట్టిగానే తిరిగి వచ్చింది. అవతల పోగు అందించే మనిషి లేదు.

పడుగు సాంచా అనే మరమగ్గం ఎక్కాలంటే ప్రతి పోగూ రాచులోని సన్నటి కంటిగుండా రావాలి. ఆ పనికి ఇద్దరు కావాలి. వెనక కూర్చున్నవాళ్ళు పోగు ఏరి అందిస్తే, ముందున్నవాళ్ళు కొక్కెంతో లాగుతారు. భివండి గైబీ నగర్‌లోని ఆ కార్ఖానాలో ముందు కూర్చునే చెయ్యి ఏళ్ళుగా శాంతాబాయిదే. కొత్త కోడలిగా నిజామాబాద్ వైపు నుంచి వచ్చినప్పుడు మొగుడు సిద్ధిరాములు వెనక కూర్చుని పోగులందిస్తూ ఆ పని నేర్పాడు. అతను పోయాక, అతని వంతుకు వచ్చిన ఒక్క సాంచాను కూడా తనకే అమ్మెయ్యమని బావ దత్తాత్రి అడిగాడు. మిగిలిన సాంచాలన్నీ ఆయనవే. ఆమె అమ్మలేదు. చుట్టుపక్కల కార్ఖానాలన్నీ తిరిగి పోగులు లాగి కూతురు కోమల్‌ను చదివించింది.

ఇవాళ ఆమెకు పోగు అందించవద్దని దత్తాత్రి కార్ఖానాలో అందరికీ చెప్పాడు.

ఆ పడుగు కోమల్ పెళ్ళి మధుపర్కాలది. వాళ్ళ ఇంటిపేరు బండారి. బండారోళ్ళ పిల్ల పెళ్ళికి మధుపర్కాలు బజారులో కొనరు. తెల్లటి నూలు, రెండు వైపులా ఎర్రటి అంచు, అది ఇంటి సాంచా మీదే దిగాలి. ఊళ్ళో మగ్గాలున్నప్పటి కట్టడి ఇది. భివండికి వచ్చి సాంచాలు పెట్టినా తప్పలేదు. ఆ బట్ట లేకుండా పీటల మీద కూర్చుంటే కోమల్ ఆ ఇంటి పిల్ల కాదు, లేచిపోయిన పిల్ల. రేపు నలుగురూ అనే మాట అదే.

కోమల్ చేసుకోబోయేది వైభవ్‌ను. ఇద్దరికీ మాన్కోలి గోదాములో పని. అతను మరాఠీ పిల్లవాడు, కొంకణ్ వాళ్ళ సంతానం. ఇంటిపేరు మాత్రం అతనిదీ భండారీయే. దత్తాత్రికి అదే దొరికింది. ఒక్క ఇంటిపేరువాళ్ళు అన్నాచెల్లెళ్ళు, ఈ పెళ్ళి పాపం అన్నాడు.

శాంతాబాయి లేచి, వెనక్కి వెళ్ళి పోగు కంట్లోకి గుచ్చి, ముందుకొచ్చి లాగింది. మళ్ళీ లేచింది. ఎదుటి సాంచా నడుపుతున్న బుచ్చిరాములు చూడనట్టు కండె మార్చుకున్నాడు. అప్పుడే వైభవ్ తల్లి సునంద గుమ్మంలోకి వచ్చింది. చీర కొంగు నడుముకు దోపి వెనకాల చతికిలబడింది.

"నాకివ్వు. ఏం చెయ్యాలో చెప్పు," అంది బజారు హిందీలో.

"నీకొస్తదా?"

"చేపలు శుభ్రం చేసే చెయ్యి. పోగు ఎంతలే!"

అదెంతో కాసేపటికే తెలిసింది. సునంద రెండేసి పోగులు అందించింది, వరస తప్పింది, ఒకసారి అంచు ఎరుపును నట్టనడుమ తెలుపులోకి పంపింది. శాంతాబాయి అక్కడిదాకా లాగినదంతా ఊడదీసింది.

"ఒక్క పోగే కదా! పెళ్ళిలో ఎవరు చూస్తారు?"

"నేను చూస్త. మల్ల ఇయ్యి."

మళ్ళీ మొదలుపెట్టారు. ఈసారి చేతులు కుదిరాయి. కొక్కెం వెళ్ళేసరికి పోగు సిద్ధంగా ఉంటోంది.

"బండారి అంటే మీలో ఏమిటి?" అని అడిగింది సునంద.

"మా మామ చెప్పెటోడు. దొంగల భయానికి ఊరోళ్ళు నూలంతా మా ఇంట్ల పెట్టెటోళ్ళట. కొట్టుకు తాళం ఏసి కాసెటోడు బండారి. మరి మీరు?"

"మా ఆయన తాత కల్లు గీశాడు. అంతకు ముందు రాజుగారి ఖజానా కాశామంటారు. ఎవరు చూశారులే! మీకు సూరత్ నుంచి నూలు పంపే సేఠ్ కూడా భండారీయేనట."

"అందరం ఎవని సొమ్మో కాసినోళ్ళమే. మనకంటూ దాసుకున్నోడు ఒక్కడు లేడు!"

ఆ నవ్వు సాంచాల మోతను దాటి వినబడింది. దత్తాత్రి తన గదిలోంచి వచ్చాడు.

"ఏందే శాంతా, చెప్పింది చెవికెక్కలేదా? ఒక్క ఇంటిపేరోళ్ళు మనకు పాలోళ్ళయితరు. అన్నకు చెల్లెనిస్తవా?"

శాంతాబాయి కొక్కెం ఆపలేదు.

"పాలోడు చస్తే మైల పడుతం కద బావా?"

"పడుతం. అయితే ఏంది?"

"పోయినేడు కాల్హేర్ గోదాము కాడ కావలోడు చచ్చిపోయిండు. గఢ్వాల్ మనిషి. ఆయన ఇంటిపేరు గూడ భండారీనే. నువ్వు మైల పట్టినవా? ఆ దినం నెత్తి మీద చెంబెడు నీళ్ళన్న పోసుకున్నవా?"

"ఆడెవడో! ఆడు మనకు పాలోడెట్లయితడు?"

"మరి వైభవ్ ఎట్లయిండు?"

బుచ్చిరాములు నవ్వు ఆపుకోలేక దగ్గాడు. దత్తాత్రి ముఖం ఎర్రబడింది. "కులం గానోడు ఇంట్లకొస్తే..." అన్నాడు.

"గది చెప్పు. దినమంత కడుపుల దాసుకున్న మాట గదే. ఇంటిపేరు ముసుగెందుకు కప్పినవ్? దగ్గరోడని ఒకసారి, పరాయోడని ఒకసారి. రెండింట్ల ఒక్కటి పట్టుకో బావా, రెండూ పట్టుకుంటే నడువలేవు."

దత్తాత్రి విసురుగా గోడ దగ్గరికి పోయి మెయిన్ స్విచ్ మీద చెయ్యి వేశాడు.

"బంద్ చెయ్యి," అంది శాంతాబాయి. "నీ సాంచాలు గూడ అన్నీ ఆగుతయి. సేఠ్ మాల్ కోసం టెంపో పంపుతనన్నడు. నా సాంచా ఒక్కటే. నేను రేపు గూడ నేస్త."

దత్తాత్రి స్విచ్ మీంచి చెయ్యి తీశాడు.

పోగులన్నీ లాగి, దువ్వెనలాంటి ఫణి పళ్ళలోంచి దించి, పడుగు చుట్టిన బీమ్‌ను సాంచా ఎక్కించారు. బరువుకు వాళ్ళిద్దరూ చాలలేదు. బుచ్చిరాములు యజమాని వైపు చూడకుండా వచ్చి ఒక కొస పట్టి, తన సాంచా దగ్గరికి వెళ్ళిపోయాడు. పేకకు తెల్ల కండె వేసి శాంతాబాయి సాంచా నడిపింది. మొదటి మూర దిగగానే ఆపి, అంచును గోటితో గీకి చూసి, పోగు కాస్త వదులుగా ఉన్నచోట బిగించింది. తర్వాత ఆపకుండా నేసింది. మర్నాడు బట్ట దిగాక కత్తిరించి, కొసలు ముడివేసి, మడత పెట్టింది.

ఆడపిల్ల తండ్రి లేనిచోట మధుపర్కాలు పెళ్ళికొడుకు ఇంటికి చేర్చవలసింది పెదనాన్న. శాంతాబాయి మడతను రెండు చేతులా పట్టుకుని దత్తాత్రి ముందుకు పోయింది. సునంద ఆమె పక్కనే నిలబడింది.

"వాళ్ళింటికి కొండవోతవా బావా? కట్టడి తప్పిందని రేపు నన్ననొద్దు."

దత్తాత్రి ఎర్రంచు మీద బొటనవేలు నడిపాడు. మడత విప్పి వెలుతురుకు పట్టి చూశాడు. వంక పెట్టడానికి ఒక్క పోగూ దొరకలేదు. బట్టను ఆమె చేతుల్లోనే వదిలేసి, తన చేతులు వెనక్కి కట్టుకున్నాడు.

"సరే," అంది శాంతాబాయి. బట్టను మళ్ళీ మడిచింది. కార్ఖానాలో అందరూ చూస్తుండగా సునంద వైపు తిరిగింది.

"పట్టుకో వదినె. బండారోళ్ళ సాంచా మీద దిగింది. ఇంగ నీది."

సునంద కొంగు చాచి పట్టి, మధుపర్కాలు అందులో అందుకుంది.