పండుగకు ముందు కోసిన చిక్కుళ్ళు

ఆ రోజుల్లో నాకు నలభై దాటాయి. అప్పుడే ముసలిదాన్నయిపోయాననుకునేదాన్ని, ఇప్పుడు మోకాళ్ళు పట్టుకొని లేస్తుంటే తెలుస్తోంది, అది పడుచుతనమేనని. మధిర పక్కనుంచి టేకులపల్లి అవతల అడవి అంచుకు మేం కొత్తగా వచ్చిన రోజులవి. మా చేలో బోరు ఉంది. పక్క గూడెం ఆడవాళ్ళకు కూరగాయల మడి ఉంది, నీళ్ళు లేవు. అందుకని మాట్లాడుకున్నాం: నీళ్ళు నావి, చాకిరీ వాళ్ళది, కాసినదాంట్లో వారం వారం ఒక గంప నా వాటా. (కరెంటు ఎప్పుడొస్తుందో, ఎప్పుడు పోతుందో, ఆ సంగతి ఎవరూ మాట్లాడలేదు.) కూరగాయలు కొనడమంటే నాకు ఒళ్ళుమంట, కాబట్టి ఇంత తెలివైన పని ఇంకెప్పుడూ చేయలేదనుకున్నాను.

గంపలో ఏమొస్తుందో ముందు తెలియదు, అదే నాకు సరదా. ఒక వానాకాలం వరసగా సొరకాయలే వచ్చాయి. పులుసు పెట్టాను, తొక్కు పచ్చడి చేశాను, ఆఖరికి అట్లలో కూడా తురిమి పోశాను. మా ఆయన కంచం ముందు కూర్చొని, ఇయ్యాల సొరకాయ ఏ వేషంలో వచ్చిందని అడిగేవాడు. ఒకసారి వెదురు కొమ్ములు, అంటే అడవిలో తవ్విన లేత వెదురు మొలకలు వచ్చాయి. ఎట్లా వండాలో తెలియక మడి చూసుకునే ఆవిడ దగ్గరికి పోయాను. వాళ్ళింటి ముందు జామచెట్టు ఉండేది, అందుకని నేను జామచెట్టు వదిన అనేదాన్ని, ఆమె నన్ను బోరక్క అనేది. చేదు పోవడానికి ముక్కలు ఉడకబెట్టి ఆ నీళ్ళు పారబోయమంది. పారబోయడమెందుకని నేను వాటితోనే చారు కాచాను. (మా ఆయన ఆ పూట ఉపవాసం.)

చలి మొదలయ్యేసరికి మడి కంచె మీద చిక్కుడు విరగకాసింది. గంపలో వంకాయలొస్తున్నాయి, గోంగూర వస్తోంది, చిక్కుడుకాయ మాత్రం ఒక్కటీ రాదు. రోజూ కంచె దగ్గర నిలబడి చూసేదాన్ని. అమ్ముకుంటున్నారా అంటే కాయలు తీగకే ఉన్నాయి. పురుగు మందు కొట్టారా అంటే వాళ్ళు మందుకు డబ్బులు పెట్టే రకం కాదు, ఆ విషయంలో నాకంటే గట్టివాళ్ళు. వదినను అడుగుదామంటే చుట్టాలింటికి పోయింది. కళ్ళముందు కాయ ముదిరి గింజ పడుతుంటే నేను ఊరుకునే మనిషినా? ఒకరోజు పొద్దున్నే నా వాటా అనుకున్నంత ఒడినిండా కోసుకొచ్చి వెల్లుల్లికారం వేసి వండాను. మా ఆయన మారు వడ్డించుకున్నాడు. ఆ ఊపులో, వదిన ఊరినించి వచ్చిందని విని, గిన్నెలో పెట్టుకొని గూడేనికి పోయాను.

వదిన మూత తీసి చూసి మళ్ళీ పెట్టేసింది. లోపలినుంచి వాళ్ళత్త వచ్చింది, ఆమెను అందరం పెద్దవ్వ అనేవాళ్ళం. గిన్నె చూసి అరుగు మీద కూలబడింది.

"తిన్నరా?" అని అడిగింది.

"మా ఆయన రెండుసార్లు తిన్నడు పెద్దవ్వా," అన్నాను, అది కూరకు గొప్ప అనుకొని.

అప్పుడు చెప్పింది వదిన. గూడెమంతా కలిసి కొత్త చిక్కుడును దేవతకు పెట్టి పండుగ చేసుకున్నాకనే నోట పెట్టుకోవాలట. అప్పటిదాకా పిల్లలు కూడా కాయ తెంపరట. "నీకెట్ల తెలుస్తది బోరక్కా, నేనే చెప్పాల్సింది," అంది గాని ముఖంలో నవ్వు లేదు. నా గిన్నె నేనే తెచ్చుకున్నాను.

ఆ వారం గంప రాలేదు. తర్వాతి వారమూ రాలేదు. నీళ్ళు మాత్రం నేను ఆపలేదు. ఇక మన పొత్తు తెగినట్టేనా అని రోజంతా అదే ఆలోచన. సంతలో కొనాల్సి వచ్చిందన్న బాధకంటే, ఇయ్యాల గంపలో ఏముందోనని తొంగిచూసే సరదా పోయిందన్న బాధే ఎక్కువ. మా ఆయనకు వేరే దిగులు. కడుపులో కాస్త గుడగుడమంటే చాలు, దేవతకు కోపం వచ్చిందేమోనని నా ముఖం చూసేవాడు.

పండుగనాడు పొద్దున వదిన వచ్చి, పెద్దవ్వ రమ్మంది, తప్పు కింద దేవతకు కోడిని తెమ్మంది అని చెప్పిపోయింది. ఏ కోడినో చెప్పలేదు. నాకున్నవి రెండు పెట్టలు, ఒకటి గుడ్లు పెట్టేది, ఒకటి మానేసింది. ముసలిదాన్ని పట్టుకున్నాను, వదిలాను, మళ్ళీ పట్టుకున్నాను. ఆఖరికి మనసు రాయి చేసుకొని గుడ్లు పెట్టేదాన్నే చంకన పెట్టుకొని పోయాను.

పెద్దవ్వ దాని పొట్ట తడిమి చూసింది. అందరి ముందూ నన్ను ఎగాదిగా చూసింది.

"గుడ్డు మీదున్న కోడిని తెచ్చినవేందే? సంసారం గిట్లనే చేస్తవా? పోయి ముసల్దాన్ని పట్టుకరా పో."

గూడెమంతా నవ్వింది, వదిన అందరికంటే ఎక్కువ నవ్వింది. నన్ను దుబారా మనిషివని తిట్టింది ఈ లోకంలో పెద్దవ్వ ఒక్కతే. కోడిని చంకన పెట్టుకొని ఇంటికి నడుస్తుంటే నాకు సిగ్గు, సంతోషం రెండూ కలిసి వచ్చాయి. ముసలిదాన్ని తెచ్చి అప్పజెప్పాక, ఆ మధ్యాహ్నం ఉప్పు వేసి ఉడకేసిన చిక్కుళ్ళు ఆకులో పెట్టుకొని వాళ్ళతో కూర్చొని తిన్నాను. తెల్లారి గంప వచ్చింది.

ఇప్పుడు మా కోడలు ఏ నెల పడితే ఆ నెల చిక్కుడుకాయలు తెస్తుంది. చలి మొదలయ్యాక మాత్రం, వండేముందు నేను వదినకు ఫోను చేసి పండుగ అయ్యిందా అని అడుగుతాను. "అవ్ బోరక్కా, అయ్యింది, ఇగ తిను," అంటుంది. ఆనాడు ఒడినిండా కాయలతో గబగబా ఇంటికి నడిచొచ్చిన ఆ పడుచుమనిషి ఎదురైతే ఒక్కమాట చెబుదామనిపిస్తుంది. ఆమె ఆగదు, నాకు తెలుసు. పొయ్యి రాజేసి వచ్చాను, కట్టె దండగవుతుంది, తప్పుకోమంటుంది.