చెవులు మాత్రం పనిచేస్తాయి

నాంపల్లి స్టేషన్ బెంచీ మీద నా పక్కన కూర్చున్న పెద్దాయన ముందే చెప్పాడు.

"సార్, నాకు నార్కోలెప్సీ. పట్టపగలే నిద్ర ముంచుకొస్తది. గోలీలతోని జర నయముంది. గానీ గట్టిగ నవ్వితే ఒళ్ళు పట్టుదప్పి పడిపోత. చెవులు మాత్రం పనిచేస్తనే ఉంటయ్. రెండు నిమిషాలల్ల లేస్త. ఎవరన్న తాగిండంటే, కాదని చెప్పుండ్రి."

తప్పకుండా చెబుతానన్నాను. కానీ నా నోరు ఊరుకుంటేగా! "మన బండిదీ మీ జబ్బేనేమో, ఏ స్టేషన్లో కునుకు తీస్తుందో" అన్నాను.

ఆయన పకపకా నవ్వాడు. నవ్వుతూనే బెంచీ మీంచి కిందికి జారిపోయాడు.

జనం మూగారు. "పొద్దుగాల్నే ఏసిండు," అన్నాడొకడు. "మీతోని వచ్చిండా?" అని నన్నడిగాడు.

అందరూ నావైపే చూస్తున్నారు. "ఆయనెవరో నాకు తెలీదు" అని, అబిడ్స్‌లో కొన్న పాత పుస్తకంలో తల దూర్చాను.

ఆయన లేచి చొక్కా దులుపుకున్నాడు.

"జోకు మంచిగుండె సార్," అన్నాడు.

సంచీ తీసుకుని అవతలి బెంచీకి వెళ్ళి, అక్కడ కూర్చున్న ముసలామెకు మొదటినుంచీ చెప్పసాగాడు.

"అమ్మా, నాకొక జబ్బుంది..."