బల్బు కొండెక్కిన రోజు

పర్వతారోహణ ప్రదర్శనశాలలో సందర్శకులకు వివరాలు చెప్పే శిఖరంగారికి ఆ పేరు పెట్టినది తల్లిదండ్రులు కారు, బావమరిది. అటక మీది బిందె దింపాలన్నా తనకే కబురుపెట్టే బావగారికి అంతకన్న తగిన పేరు దర్జీ అయిన ఆ బావమరిదికి తోచలేదు. "మా బావది కొండల కొలువేగానీ, ముక్కాలిపీట ఎక్కితే కళ్లు తిరుగుతాయి" అని అతడు నలుగురిలో నవ్వినప్పుడల్లా శిఖరంగారు మాట మార్చేవారు. ఒక్కసారి ఆ నోరు మూయించి గాని తాను కన్నుమూయరాదని ఆయన పట్టుదల.

ప్రదర్శనశాల నడిమిగదిలో రెండు నిలువుల ఎత్తున ప్లాస్టరు కొండ ఉంది. ఒళ్లంతా దూదిమంచు, కొసన జెండా, దాని పక్కన చిన్న బల్బు. ఒకనాటి ఉదయం ఆ బల్బు కొండెక్కింది. కరెంటు మేస్త్రీ సెలవు.

"మంచుతుపానులో ఎలా ఎక్కాలో రోజూ చెబుతారుగా మాస్టారూ, దూదిలో ఎక్కలేరా?" అన్నాడు టిక్కెట్ల గుమాస్తా.

సందర్శకులు నవ్వారు. శిఖరంగారికి పౌరుషం పొడుచుకొచ్చింది. గాజుపెట్టెలోని తాడు తీయించి ఒక కొస నడుముకు బిగించి, రెండో కొస దేనికీ కట్టకుండానే ఎక్కేశారు. బల్బు మార్చారు. కిందికి చూశారు. అంతే, జెండాకర్రను కావలించుకొని కొయ్యబారిపోయారు.

గుమాస్తా ఆయన ఇంటికి ఫోన్ చేశాడు. అక్క చేతి కాఫీకి వచ్చి కూర్చున్న బావమరిది తీశాడు.

"శిఖరంగారు కొండెక్కారండీ. మావల్ల కావడంలేదు, వెంటనే రండి."

దీపం కొండెక్కిందంటే ఆరిపోయినట్టు. మరి మనిషి కొండెక్కాడంటే? అక్కకు చెప్పడానికి నోరు రాక, మెడలో కొలత టేపుతోనే పరుగెత్తుకొచ్చిన బావమరిది గుమ్మంలోనే గుండెలు బాదుకున్నాడు.

"బావా! పులిలాంటి బావా! నిన్ను పిరికివాడన్న నా నోరు పడిపోనూ! నీ అంత గుండెధైర్యం మా వంశంలోనే లేదు బావా!"

"కాస్త గట్టిగా అనరా, ఇక్కడికి సరిగా వినబడటంలేదు" అన్నది పైనుంచి ఒక కంఠం.

బావమరిది తలెత్తాడు. ఏడుపు కోపమైంది.

"బతికే ఉన్నావా? దిగు ముందు!"

"దిగగలిగితే నిన్నెందుకురా పిలుస్తారు?"

"ఛీ, ఉండు, రెక్క పట్టుకుని నేనే దింపుతా!"

అతడు చరచరా ఎక్కి, బావ పక్కకు చేరి, విజయగర్వంతో కిందికి చూశాడు. మరుక్షణం బావ మెడను వాటేసుకున్నాడు.

"అటక ఇంత ఎత్తుండదు బావా!"

తమ్ముడు చెప్పులైనా లేకుండా పరుగెత్తాడేమని వెనకే వచ్చిన ఇల్లాలు, కొండకొసన ఇద్దరినీ చూసి కొంగు బిగించింది.

"కిందికి చూడకండి. నావైపు చూస్తూ దిగండి."

"నువ్వున్నది కిందేగదే!"

"అయితే నన్నే పైకి రమ్మంటారా?"

ఆ మాటతో ఇద్దరూ ఎలా దిగారో వారికే తెలియదు.

ఇప్పుడు ఆ ఇంట అటక మీది బిందెను ఇల్లాలే దింపుకుంటున్నది. దుకాణంలో ఎవరైనా బావ ఊసెత్తితే మాత్రం, కుట్టే పని లేకపోయినా సరే, బావమరిది చటుక్కున నోట్లో గుండుసూదులు పెట్టుకుంటాడు.